హవాయి రాజవంశం: చివరి రాణి నుంచి మొదటి రాజు దాకా ఏడు రోజులు

హవాయి రాజ్యాన్ని ఏలింది ఎనిమిది మందే. కమేహమేహ పేరుతో ఐదుగురు, తర్వాత లునలిలో, కలాకౌవ, ఆఖరున రాణి లిలిఉవొకలాని. 1795లో దీవులు ఒక్కటి కావడం మొదలైంది, 1893లో సింహాసనం పోయింది. ఈ ఎనిమిది పేర్లూ ఐదు నిమిషాల్లో నోటికి వచ్చేస్తాయి. ఒకరి తర్వాత ఒకరు ఏ హక్కుతో వచ్చారన్నది మాత్రం వాళ్ళ తల్లుల పేర్లు తెలిస్తే తప్ప బోధపడదు. గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి అని తల్లి పేరు ముందు పెట్టుకున్న రాజుల గురించి బడిలో చదువుకున్న మనకు ఇది అంత కొత్తేమీ కాదు.

అందుకే ఈ యాత్రను వెనక నుంచి ముందుకు పెట్టుకున్నాం. చివరి రాణిని బంధించిన గదితో మొదలుపెట్టి, మొదటి రాజు పుట్టిన చోట ముగించాం. ఇలా వెళ్తే ప్రతి చోటా "ఈవిడ తల్లి ఎవరు?" అనే ప్రశ్న దానంతటదే ముందుకు వస్తుంది.

పేర్ల గురించి ఒక మాట. హవాయి భాషలో గొంతు నొక్కి ఆపే చిన్న విరామం ఒక అక్షరం కిందే లెక్క. రాతలో తిరగేసిన కామాలా కనిపిస్తుంది. దాన్ని మింగేస్తే పేరు మారిపోతుంది. ఇక్కడ పదం మధ్యలో అచ్చు విడిగా కనిపిస్తే (లిలి-ఉ, అలి-ఇ) అక్కడ ఆగి పలకాలి.

జూన్ 5, హొనొలులు: ఇయోలాని ప్యాలెస్

టికెట్ మనిషికి 30 డాలర్లకు కాస్త అటూ ఇటూ. ఆది, సోమవారాల్లో మూసేస్తారు. బూట్ల మీద గుడ్డ తొడుగులు వేసుకుంటే తప్ప లోపలి చెక్క నేల మీద అడుగు పెట్టనివ్వరు. గైడ్ వెంట చూసేదీ, చెవిలో ఆడియోతో ఎవరికి వాళ్ళు చూసేదీ, రెండు రకాల టికెట్లున్నాయి. వంశం గురించి అడగాలనుకునేవాళ్ళు గైడ్ ఉన్నదే తీసుకోవాలి. మాకు వచ్చినావిడ డెబ్బై దాటిన మనిషి. అక్కడ పెద్దవాళ్ళను ముక్కూ మొహం తెలియకపోయినా "ఆంటీ", "అంకుల్" అనే పిలుస్తారు, అదే మర్యాద. మన నోటికి ఆ పిలుపు ఇట్టే వచ్చేస్తుంది.

1879 డిసెంబరు 31న శంకుస్థాపన, 1882లో గృహప్రవేశం, 1883 ఫిబ్రవరి 12న కలాకౌవ పట్టాభిషేకం. కిరీటాన్ని ఆయన తన చేత్తోనే తన తల మీద పెట్టుకున్నాడు. అమెరికా అధ్యక్షుడి భవనానికి కరెంటు దీపాలు రాకముందే ఈ ప్యాలెస్‌లో వెలిగాయి. 1881లో ప్రపంచం చుట్టి వచ్చినప్పుడు కలాకౌవ మన దేశం మీదుగానూ వెళ్ళాడు. కలకత్తాలో దిగి రైల్లో బొంబాయి చేరాడు.

ముందు హాల్లో కోవ చెక్క మెట్ల పక్కన రాజుల, రాణుల పటాలున్నాయి. చాలామంది వాటిని దాటుకుని నేరుగా సింహాసనం గదిలోకి పోతారు. పది నిమిషాలు ఇక్కడ ఆగడం మంచిది. నాలుగో కమేహమేహ, ఐదో కమేహమేహ అన్నదమ్ములు. వాళ్ళ తండ్రి కెకూవనావొఅ రాజు కాడు. తల్లి కీనఉ మొదటి కమేహమేహ కూతురు. సింహాసనం ఆవిడ వైపు నుంచి వచ్చింది. ఐదో కమేహమేహ 1872 డిసెంబరు 11న, తన పుట్టినరోజునే, వారసుణ్ణి ప్రకటించకుండా పోయాడు. మరణశయ్య మీద మొదటి కమేహమేహ మునిమనవరాలు బెర్నిస్ పవుఅహి బిషప్‌ను రాణిగా ఉండమని అడిగితే ఆవిడ వద్దంది. అక్కడితో రాజును శాసనసభ ఎన్నుకునే రోజులు వచ్చాయి. 1873లో లునలిలో. ఏడాది తిరగగానే ఆయన పోతే 1874లో కలాకౌవ, 39 ఓట్లకు 6. ఆ ఆరూ నాలుగో కమేహమేహ భార్య రాణి ఎమ్మావి. ఆమె తన వంశాన్ని కమేహమేహ తమ్ముడి దాకా చెప్పుకునేది. కలాకౌవది కమేహమేహ కుడిభుజాలుగా నిలిచిన హవాయిలోని కోన అనే ప్రాంతపు నాయకుల వంశం. ఫలితం తెలియగానే ఎమ్మా మనుషులు కోర్టు భవనం మీద పడ్డారు, ఓడల్లోని అమెరికా, బ్రిటిష్ సైనికులు దిగాల్సి వచ్చింది. అప్పటికి పత్రికల్లో అచ్చయిన వాదాలన్నీ ఎవరి ముత్తవ్వ ఎవరన్న దాని మీదే.

పై అంతస్తులో ముందువైపు మూల గది. 1893 జనవరి 17న రాణిని దించేశారు. 1895లో ఆమెను కింద సింహాసనం గదిలోనే విచారించి, ఈ గదిలో దాదాపు ఎనిమిది నెలలు బంధించారు. ఆమె, తోడున్న స్త్రీ కలిసి కుట్టడం మొదలుపెట్టిన బొంత అక్కడే అద్దాల పెట్టెలో ఉంది. మన ఇళ్ళలో పాత చీరలతో కుట్టే బొంతల్లాంటిదే, కాకపోతే ఇక్కడ పట్టు, మఖమలు ముక్కలు. మధ్య గడిలో హవాయి జెండాలు, చుట్టూ దారంతో రాసిన పేర్లు, తేదీలు. ఆ గదిలో వెలుతురు తక్కువ. కళ్ళు అలవాటు పడేదాకా రెండు నిమిషాలు నిలబడితేనే అక్షరాలు చదవగలం.

ఆమె పేరు సంగతి ఆంటీని అడిగి చెప్పించుకున్నాం. పిల్ల పుట్టినప్పుడు, ఆ పేరు పెట్టిన కీనఉకు (నాలుగో, ఐదో కమేహమేహల తల్లికి) కళ్ళు మండుతున్నాయట. అందుకే లిలిఉ (మంట), లొలొకు (కన్నీరు), వలానియ (నొప్పి), కమకఎహ (నొప్పి కన్ను). పుట్టిన పిల్లకు ఒక పెద్దావిడ కంటి జబ్బు పేరు పెట్టడం మనకు వింతగా ఉండొచ్చు. హవాయిలో ఆ రోజు ఏం జరిగిందో పేరే గుర్తుపెట్టుకుంటుంది. కలాకౌవ అంటే యుద్ధపు రోజు.

బేస్‌మెంట్‌ను వదిలేయకండి. కిరీటాలు అక్కడున్నాయి. 1893లో కాపలా ఉన్న సైనికుడొకడు వాటి రాళ్ళు పీకి అమ్ముకున్నాడు. ఇప్పుడు మెరిసేది గాజు.

మధ్యాహ్నం దగ్గర్లోని కవాయహఒ చర్చి. 1842 నాటి గోడలు. సముద్రంలో మునిగి దిబ్బల నుంచి కోసి తెచ్చిన దాదాపు 14,000 పగడపు దిమ్మెలతో కట్టారు. చేత్తో తడిమితే పగడపు గూళ్ళు తగులుతాయి. గేటు పక్కన లునలిలో సమాధి విడిగా ఉంటుంది. తల్లి కెకావులువొహికి రాజసమాధిలో చోటు ఇవ్వలేదన్న బాధతో, ఆమె ఉన్న చోటే తననూ పెట్టమన్నాడని చెప్తారు.

భోజనం: చామాకుల్లో పంది మాంసం చుట్టి, పైన టీ ఆకు (తేయాకు కాదు, ti అనే వేరే మొక్కది) కట్టి, గంటల తరబడి ఆవిరి మీద ఉడికించే లవులవు. అన్నం, ఉడికించిన చామదుంపను దంచి చేసే పోయ్‌తో కలిపి ప్లేటు 15 నుంచి 20 డాలర్లు. కోడి లవులవు కూడా దొరుకుతుంది. చామాకు సగం ఉడికితే గొంతు దురద పెడుతుందని మన ఇళ్ళలో తెలిసిందే, అందుకే వాళ్ళూ పొయ్యి మీంచి త్వరపడి దించరు. శాకాహారులకు పోయ్, ఉడికించిన చిలగడదుంప, కొబ్బరిపాలతో చేసే హవుపియ ఉన్నాయి.

జూన్ 6, నుఉవను లోయ: మౌన అల

రాజసమాధి వారం మధ్యలోనే తెరిచి ఉంటుంది, శని ఆదివారాలు పెట్టుకుంటే గేటు దగ్గర్నుంచే వెనక్కి రావాలి. సిటీ బస్సు మూడు డాలర్ల చిల్లర. డ్రైవర్ దగ్గర తిరిగి ఇచ్చే చిల్లర ఉండదు, కార్డు కొనుక్కోవాలి లేదా సరిగ్గా లెక్కబెట్టి వేయాలి. దిగాల్సిన స్టాపు ఒకటి దాటిపోయి ఎండలో వెనక్కి నడిచాం. బయట పెద్ద బోర్డు ఉండదు, నల్ల ఇనుప గేటు, మీద బంగారు రంగు రాజచిహ్నాలు, అంతే గుర్తు.

మూడున్నర ఎకరాలు. అమెరికా జెండా లేకుండా హవాయి జెండా ఒక్కటే ఎగరడానికి హక్కున్న అతి కొద్ది చోట్లలో ఇదొకటి. 1865లో పాత సమాధి నుంచి, ప్యాలెస్ ఆవరణలోని పొహుకయిన నుంచి, శవపేటికలను రాత్రిపూట కాగడాల వెలుగులో ఊరేగించి ఇక్కడికి తెచ్చారు. మొదట అన్నీ శిలువ ఆకారంలో ఉన్న చిన్న భవనంలోనే ఉండేవి. చోటు చాలక కమేహమేహ వంశానికి ఒక భూగృహం, కలాకౌవ వంశానికి మరో భూగృహం తవ్వారు. 1922 నుంచి ఆ భవనం ప్రార్థనా మందిరం.

కలాకౌవ భూగృహానికి మెట్లు దిగాలి. కింద గ్రిల్ గేటు, లోపల పాలరాతి పలకల మీద బంగారు అక్షరాలు. లిలిఉవొకలాని, 1917. యువరాణి కఇయులాని, 1899, ఇరవై మూడేళ్ళు. గేటుకు ఎవరో ఆ ఉదయమే కట్టిన టీ ఆకుల మాల ఇంకా తడిగా ఉంది. మాల తీసుకెళ్ళేవాళ్ళు నూలు దారంతో గుచ్చినదే తీసుకెళ్ళాలి. నైలాన్ దారాన్ని కాపలా చూసే కుటుంబం తర్వాత ఏరి తీయాల్సి వస్తుంది. ఈ కాపలాదారు పని తరాల తరబడి ఒక వంశానిదే. మొదటి కమేహమేహ ఎముకలను దాచిన నాయకుల వంశం అది.

ఎనిమిది మందిలో ఇద్దరు ఇక్కడ లేరు. లునలిలో సంగతి నిన్న చూశాం. రెండోవాడు మొదటి కమేహమేహే. 1819 మే 8న ఆయన పోయాక మాంసం వేరు చేసి ఎముకలను హొవపిలి, హొఒలులు అనే నాయకులు రాత్రికి రాత్రి తీసుకుపోయి దాచారు. ఎక్కడో నేటికీ తెలియదు. గొప్ప నాయకుడి ఎముకల్లో ఆయన శక్తి (హవాయి మాటలో "మన") నిలిచి ఉంటుందని నమ్మకం. శత్రువు చేతికి చిక్కితే చేపలు పట్టే గాలంగా మారే ప్రమాదం ఉండేది. కాబట్టి సమాధి లేకపోవడమే ఆయనకు దక్కిన గౌరవం.

మావి అనే దీవిలోని లహైనా వెళ్ళాలని మొదట అనుకున్నాం. రెండో, మూడో కమేహమేహల తల్లి రాణి కెయోపూవొలాని సమాధి అక్కడి వయియొల చర్చి ఆవరణలో ఉంది. 2023 ఆగస్టు 8 మంటల్లో ఆ ఊరు తగలబడింది, చర్చి కూడా పోయింది. ఇంకా ఇళ్ళు కట్టుకుంటున్న మనుషుల మధ్యకు సమాధి చూడడానికి వెళ్ళడం సరికాదనిపించి మానుకున్నాం.

జూన్ 7, బిషప్ మ్యూజియం

వంశం మొత్తం ఒకేచోట కళ్ళతో చూడాలంటే ఇక్కడే. 1889లో, పోయిన భార్య పవుఅహి గుర్తుగా చార్లెస్ రీడ్ బిషప్ పెట్టిన మ్యూజియం. టికెట్ ప్యాలెస్‌తో సమానం, పార్కింగ్ వేరే. హవాయి హాలు మూడంతస్తులు. పైకి పోయే కొద్దీ నాయకులు, దేవతలు. పక్కనే కాహిలి గది.

కాహిలి అంటే పొడవాటి కర్రకు పైన గుత్తిగా ఈకలు కట్టిన రాజచిహ్నం. మన ఛత్రచామరాల్లో చామరం గుర్తొస్తుంది. రాజు నడిచినా, కూర్చున్నా, శవమై ఉన్నా పక్కన కాహిలి ఉండాలి. కొన్ని కర్రలకు మనిషి ఎముక ముక్కలను తాబేటి డిప్పతో కలిపి పేర్చారు. ఆ ఎముకలు ఓడిన నాయకులవి.

ఈకల అంగీ, అహు ఉల, దగ్గర నుంచి చూడాల్సిన వస్తువు. ముందు ఒలొనా చెట్టు నారతో సన్నటి వల అల్లుతారు. ఆ వల ముడులు ఇప్పటి చేపల వలల కంటే నున్నగా ఉంటాయి. నాలుగైదు ఈకలను కలిపి చిన్న కట్ట చేసి, కాడలను మడిచి, ఆ ముడికి రెండుసార్లు దారం చుట్టి బిగిస్తారు. పై వరస కింది వరస కాడలను కప్పాలి, లేకపోతే వల బయటపడుతుంది. ఎరుపు ఇఇవి పిట్టది. పసుపు ఓఓ, మమొ పిట్టలది. ఇప్పుడు లేని ఈ రెండు పిట్టలూ ఒళ్ళంతా నల్లగా ఉండేవి, రెక్క కింద, తోక దగ్గర కొద్దిపాటి పసుపు. ఆ కొద్దిని కోసుకోవడం వల్లే పసుపు అంగీకి అంత విలువ. మొదటి కమేహమేహ పసుపు అంగీకి దాదాపు నాలుగున్నర లక్షల ఈకలు, ఎనభై వేల పిట్టలు పట్టాయని అంచనా. వెలుతురుకు రంగు పోతుంది కాబట్టి దాన్ని అన్ని రోజులూ బయట ఉంచరు. అదొక్కటే చూడాలని వెళ్ళేవాళ్ళు ముందే అడిగి తెలుసుకోవాలి.

1779లో కెయలకెకువ తీరంలో ఇంగ్లీషు నావికుడు కెప్టెన్ కుక్ భుజాల మీద, దీవుల్లో ఒకటైన హవాయి దీవి రాజు కలానిఓపుఉ తన ఒంటి మీది అంగీ తీసి కప్పాడు. అది న్యూజిలాండ్ దాకా పోయి, 2016లో హవాయికి తిరిగొచ్చింది. కలానిఓపుఉ ఎవరో ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి. రాబోయే నాలుగు రోజుల కథంతా ఆయన ఇంటిదే.

వంశావళి పట్టీలను చదవడం తెలియక చాలామంది తికమక పడతారు. ప్రతి వరసలో ఇద్దరి పేర్లుంటాయి, కాన (పురుషుడు), వహినె (స్త్రీ). వాళ్ళ బిడ్డ పేరు కింది వరసలో మొదలవుతుంది. బిడ్డ ఆడపిల్లయితే రెండో గడిలోకి వస్తుంది. మొదటి గడి పేర్లే గబగబా చదువుకుంటూ పోతే వంశం తెగిపోయినట్టు కనిపిస్తుంది. ఒకే పేరు మూడు తరాల్లో రావడం రెండో చిక్కు. కెకుఇయపొయివ పేరుతో ముగ్గురు స్త్రీలున్నారు. మా పద్ధతి: నోట్‌బుక్‌లో తల్లి పేరు ముందు రాసి, తండ్రి పేరు తర్వాత, పుట్టిన దీవి పక్కన. మూడో రోజుకు గానీ ఇది అలవాటు కాలేదు.

రాజపురోహితులు ఈ వంశావళిని నోటితో పాడేవారు. అన్నిటికంటే పెద్దది కుములిపొ, 2,000 వరసలకు పైనే. సముద్రపు అడుగున పగడపు పురుగు పుట్టుక దగ్గర మొదలై, చేపలు, పక్షులు, దేవతల మీదుగా ఒక రాజకుమారుడి పుట్టుకకు చేరుతుంది. ఆ రాజకుమారుడు కలానిఓపుఉ తండ్రి. 1889లో కలాకౌవ దాన్ని అచ్చువేయించాడు. ఎన్నికైన రాజు అన్న మాట ఆయన్ను ఎంత బాధపెట్టిందో ఆ అచ్చులో కనిపిస్తుంది. లిలిఉవొకలాని 1897లో దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చింది, అప్పటికి రాజ్యం లేదు.

ఈ వంశంలో చామదుంప కూడా బంధువే. ఆకాశపు తండ్రి వాకెయ, హొఒహోకూకలాని దంపతుల మొదటి బిడ్డ చనిపోయి పుడితే పాతిపెట్టిన చోట చామ మొలిచింది, పేరు హాలొవ. రెండో బిడ్డకు అదే పేరు, ఆ బిడ్డ నుంచే మనుషులు. కాబట్టి చామదుంప మనుషులకు అన్న అవుతుంది. పోయ్ గిన్నె మూత తీసి ఉన్నంతసేపు ఇంట్లో ఎవరూ గొంతు పెంచకూడదు. ఆ రాత్రి భోజనానికి వెళ్ళిన చిన్న హోటల్లో పక్క బల్ల దగ్గర ఇద్దరు పిల్లలు కొట్లాడుకుంటే అమ్మమ్మ ఏమీ అనకుండా పోయ్ గిన్నె మీద ప్లేటు బోర్లించింది. పిల్లలు ఆపేశారు.

జూన్ 9, హవాయి దీవి: కైలువ-కోన

కమకహొను అనే చిన్న కొలను లాంటి తీరం, ఒడ్డున గడ్డి కప్పు దేవాలయం అహుఎన. మొదటి కమేహమేహ చివరి ఏళ్ళు ఇక్కడే గడిపి ఇక్కడే పోయాడు. దేవాలయం తిరిగి కట్టినది, లోపలికి వెళ్ళనివ్వరు. హోటల్ పక్కన ఇసుక మీద నిలబడి చూడొచ్చు, డబ్బేమీ లేదు. పొద్దున్నే వెళ్తేనే బాగుంటుంది. పది దాటితే పడవల వాళ్ళూ, ఈతకొచ్చే పిల్లలూ.

కెయోపూవొలాని కథ ఇక్కడే చెప్పుకోవాలి. ఆమె తండ్రి కీవలఓ, కలానిఓపుఉ కొడుకు. తల్లి కెకుఇయపొయివ లిలిహ, కమేహమేహ తండ్రి కెయోవువకు కూతురు. ఇద్దరికీ తల్లి ఒక్కరే, మావి రాజు కహెకిలి సోదరి కలొల. అంటే ఒకే తల్లి బిడ్డలకు పుట్టిన పిల్ల. మనకు మింగుడుపడని పెళ్ళి ఇది, వాళ్ళ లెక్కలో మాత్రం రక్తం ఎంత దగ్గరయితే పవిత్రత అంత ఎక్కువ. ఆమె ఎదుట పడితే నేల మీద సాగిలపడాలి. నీడ ఎవరి మీద పడుతుందోనని చిన్నప్పుడు ఆమెను సాయంత్రం తప్ప బయట తిరగనిచ్చేవారు కాదు.

కమేహమేహకు ఆమె సవతి సోదరి కూతురు. మేనమామ, మేనకోడలు. ఇక్కడ మాత్రం మనకు లెక్క తేలిగ్గా అందుతుంది. ఆయన యుద్ధంలో దీవులు గెలిచాడు, కానీ ఆయన పుట్టుక ఆమె పుట్టుకకు సాటి రాదు. ఇరవైకి పైగా భార్యలున్నా సింహాసనం ఆమె కొడుకులకే పోయింది, లిలిఉవొకలాని దాకా నడిచిన రాజ్యానికి మొదటి వారసులు వాళ్ళే, రెండో, మూడో కమేహమేహలు.

1819లో రాజు పోయిన కొద్ది నెలలకే ఇదే తీరాన కెయోపూవొలాని తన చిన్న కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని భోంచేసింది. అప్పటిదాకా ఆడ, మగ కలిసి తింటే మరణశిక్ష. ఆడవాళ్ళకు పంది మాంసం, కొబ్బరి, చాలా రకాల అరటి నిషేధం. తర్వాత, కమేహమేహ ఇష్టసతి కఅహుమాను ఒత్తిడితో, పెద్ద కొడుకు లిహొలిహొ (రెండో కమేహమేహ) కూడా ఆడవాళ్ళ బల్ల దగ్గర కూర్చున్నాడు. కపు అనే ఈ నిషేధాల వ్యవస్థ అక్కడ కూలింది. తనను దేవతను చేసిన కట్టుబాటును ముందుగా మీరింది ఆమే. ఈ తీరంలో ఆ భోజనం గురించి చెప్పే బోర్డు ఇంకాస్త పెద్దదిగా ఉండాల్సింది.

జూన్ 10, హోనౌనౌ నుంచి కవయిహయె

పొద్దున దక్షిణానికి. దారిలో కెయవుహొవు తీరంలో మూడో కమేహమేహ పుట్టిన రాయి, చిన్న కంచె లోపల. చనిపోయి పుట్టాడనుకున్న బిడ్డను పురోహితుడొకడు ప్రార్థించి బతికించాడంటారు. 1840లో మొదటి రాజ్యాంగం, 1848లో భూముల పంపకం ఆ బిడ్డ చేతి మీదుగానే జరిగాయి.

హోనౌనౌ నేషనల్ పార్కుకు కారుకు 20 డాలర్లు, నగదు తీసుకోరు. కపు మీరినవాడు, యుద్ధంలో ఓడినవాడు ఈత కొట్టి ఇక్కడికి చేరితే ప్రాణం దక్కేది. గోడ 12 అడుగుల ఎత్తు, 17 అడుగుల మందం, సుమారు 1,000 అడుగుల పొడవు, సున్నం లేదు. గోడ కొసన హాలె ఒ కెయావె, కమేహమేహ ముత్తాత కెయావె పేరుతో కట్టిన గుడిసె. అందులో 23 మంది నాయకుల ఎముకలుండేవి. శరణు ఇచ్చే శక్తి ఆ ఎముకలదే. 1829లో కఅహుమాను వాటిని తీయించేసింది, చివరికి అవి మౌన అల చేరాయి. మొన్న శుక్రవారం మనం నిలబడ్డ నేల కింద కెయావె వంశం కూడా ఉందన్నమాట.

నల్ల లావా నేల చెప్పులోంచి కూడా కాలుస్తుంది. తొమ్మిదికల్లా లోపలుండాలి, మనిషికి లీటరు నీళ్ళు తప్పనిసరి. రాళ్ళు పేర్చడం, ఆకులో రాయి చుట్టి పెట్టడం పూజ అనుకుని చేస్తారు పర్యాటకులు. ఇక్కడివాళ్ళకు అది కోపం తెప్పించే పని.

కొద్ది మైళ్ళ ఉత్తరాన మొకుఓహయి. 1782లో పోయిన కలానిఓపుఉ రాజ్యం కొడుకు కీవలఓకు, యుద్ధదేవుడి బాధ్యత సోదరుడి కొడుకు కమేహమేహకు ఇచ్చాడు. అదే ఏడు అక్కడ పోరాటంలో కీవలఓ చనిపోయాడు. అతని కూతురే తర్వాత కమేహమేహ పవిత్ర భార్య. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టుకుంటే ఆ పెళ్ళి దేనికో తెలుస్తుంది.

మధ్యాహ్నం రెండింటికి కవయిహయెలోని పుఉకోహొలా. ప్రవేశం ఉచితం, సాయంత్రం ఐదుకు ముందే గేటు వేసేస్తారు. ఈ యుద్ధదేవాలయం కడితే దీవులన్నీ నీవే అని జోస్యం చెప్పారు. 1790, 91ల్లో పొలొలూ లోయ నుంచి మనుషులు బారులు తీరి చేతులు మార్చుకుంటూ రాళ్ళు అందించారు. 224 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. కమేహమేహ కూడా రాళ్ళు మోశాడు. తమ్ముడు కెలిఇమయికఇ ఒక రాయి ఎత్తితే మాత్రం లాక్కుని సముద్రంలో పారేయించాడు. దేవుడి దగ్గర వంశం తరఫున ఒకడైనా శుద్ధంగా మిగలాలి. రాణి ఎమ్మా తన వంశాన్ని చెప్పుకున్నది ఈ తమ్ముడి దాకానే.

ప్రతిష్ఠకు పిలిచినది కీవలఓ సవతి తమ్ముడు కెయోవువ కూఅహుఉలను (కమేహమేహ తండ్రి కెయోవువ వేరు). పడవ దిగుతుండగానే చంపి, దేవుడికి మొదటి బలిగా ఇచ్చారు. పైకి ఎక్కడం నిషేధం. కింద బాట మీద నిలబడి చూస్తే ఎర్రటి రాళ్ళ మెట్లు, వాటి వెనక గాలి. నీడ ఒక్క చెట్టుదీ లేదు.

జూన్ 11, కొహాల: కపఅవు, కొకోయికి

ఈ రోజు కమేహమేహ దినం. పొద్దున ఎనిమిదికల్లా కపఅవులో ఉండాలంటే ఏడున్నరకే కారు ఎక్కడో ఒకచోట పెట్టి నడవాలి, ఊరికి ఉన్నది ఒకే రోడ్డు. ఇక్కడి విగ్రహమే అసలుది. 1880లో ఫాక్లాండ్ దీవుల దగ్గర ఓడ మునిగి పోయింది. హొనొలులుకు రెండోది పోత పోయించాక మొదటిది దొరికింది, పుట్టిన సీమ అని కొహాలకు ఇచ్చారు. హొనొలులుది నలుపు, బంగారం. ఇక్కడ ఊరివాళ్ళు మనిషి రంగు, పసుపు అంగీ రంగు వేసుకున్నారు. మళ్ళీ కంచు రంగుకు మార్చాలా అన్న చర్చ వస్తే రంగే ఉంచమన్నారు. వాళ్ళ రాజు వాళ్ళలాగే ఉండాలి కదా.

నిచ్చెన మీద నుంచి పెద్ద పెద్ద మాలలు చాచిన చేతికి వేస్తుంటే కింద ముసలాళ్ళు వంశగీతం పాడారు. ఆ తర్వాత పాఊ రైడర్లు, పొడవాటి పావడాల్లో గుర్రాల మీద స్త్రీలు. దీవికో రంగు. మెడలో మాల వేస్తే ఇచ్చినవాళ్ళ ఎదుట తీయకూడదు, గర్భిణికి ముడివేసిన మాల వేయకూడదు.

మధ్యాహ్నం కొకోయికి. ఉపొలు విమానాశ్రయం వైపు తిరిగి, కంచె పక్క మట్టిబాట పట్టాలి. మొదటి చీలికలో కుడికి పోయి పశువుల గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాం, సముద్రం వైపుదే సరైన దారి. వాన పడితే ఎర్రమట్టి గుంటల్లో చిన్న కారు దిగబడుతుంది. చాలా అద్దె ఒప్పందాల్లో ఇలాంటి బాటల మీద నడపడం కుదరదని రాసి ఉంటుంది. కారు వదిలేసి నడవడమే మేలు. మొఒకిని దేవాలయం ముందు వస్తుంది, అక్కణ్ణుంచి అర మైలు లోపే పుట్టిన చోటు.

ఇక్కడ గుమ్మటం, విగ్రహం లాంటివేమీ లేవు. ఛాతీ ఎత్తు రాతి గోడ ఆవరణ, లోపల గడ్డి, కొన్ని రాళ్ళు. 1758లో తోకచుక్క కనిపించిన ఏడు అంటారు కొందరు, ఏడాది మీద వాదాలున్నాయి. రాజులను చంపేవాడు పుడతాడని జోస్యం ఉండటంతో తల్లి రెండో కెకుఇయపొయివ ఒడిలోంచి బిడ్డను తీసుకుని నయెఒలె అనే నాయకుడు చీకట్లో ఆవిని లోయకు పరుగెత్తాడు.

తండ్రి కెయోవువ అని మొన్నటి నుంచీ రాస్తూ వచ్చాం. హవాయిలో పొఒలువ అనే మాట ఉంది, ఇద్దరు తండ్రుల బిడ్డ అని అర్థం. అది నింద కాదు, రెండు వంశాల హక్కు. కమేహమేహకు మావి రాజు కహెకిలి కూడా తండ్రే అనేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. తల్లి విషయంలో మాత్రం ఎవరికీ సందేహం లేదు.

గాలికి మాట వినపడనంత హోరు. మూడింటికి మబ్బు విడిపోయింది. ఆవరణ గోడకు ఆనుకుని ఉత్తరానికి చూస్తే జలసంధి అవతల మావి దీవి కొండ హలెయకలా నీలంగా తేలింది.